జగ్గారావు కోపం, పదకొండు పచ్చ పిన్నులు

జగ్గారావుకి కోపం వస్తే ఖర్కాయి నదిలో నీళ్లు రెండంగుళాలు దిగేవని నేను చాలామందికి చెప్పాను. నమ్మినవాళ్లు నమ్మారు. ఎండాకాలం ఎలాగూ దిగుతాయి కదా అని వాదించినవాళ్లూ ఉన్నారు. అతని చేతిలో చల్లారిపోయిన టీ మళ్లీ పొగలు కక్కడం కళ్లారా చూశానని కూడా చెప్పాను. అది అబద్ధం. ఇప్పుడు చెప్పబోయే గోడ సంగతి మాత్రం అబద్ధం కాదు. ఆ గోడ మీద కట్టుకథలు అల్లేటంత చల్లగా నా మనసు ఇంకా కాలేదు.

జగ్గారావు సోంపేట వైపు మనిషి. పొట్టివాడు, మెడ కనపడని మనిషి, భుజాల మీద నేరుగా తలకాయ పెట్టినట్టుండేవాడు. బర్మామైన్స్‌లో అంటే మా ఉక్కు ఊళ్లో ఒక పేటలో, రైలు కట్టకి ఆనుకున్న రెండు గదుల ఇంట్లో భార్య ధనమ్మతో కాపురం. పని ఖలాసీ పని. క్రేను దూరలేని చోట జాకీలూ, స్లీపర్ దుంగలూ, ఇనుప రోలర్లూ, తాడు చుట్టి లాగే చేతి వించీ పెట్టి ఎంత బరువునైనా కదిపి, ఎత్తి, చెప్పిన చోట పెట్టేవాళ్లే ఖలాసీలు. అతనితో కలిపి పద్నాలుగు మంది. అందరూ అటు సోంపేట, ఇటు టెక్కలి నుంచి వచ్చినవాళ్లే. అతను వాళ్లకి సర్దారు.

ఆ జట్టుకి ఒక ఆచారం ఉండేది. బరువెత్తే ముందు పద్నాలుగు మందీ దాని చుట్టూ నిలబడి, కుడిచెయ్యి దాని మీద పెట్టాలి. అప్పుడు జగ్గారావు అడిగేవాడు.

"ఇది ఎక్కడ కూకుంటాది?"

ఒక్కొక్కరూ చెప్పాలి. పద్నాలుగు నోళ్లూ ఒకే చోటు చెప్పాలి. పదమూడు మంది ఒకటి చెప్పి ఒకడు ఇంకోటి చెప్పాడా, ఆ బరువు ఇక లేవదు. జట్టంతా కింద కూర్చుని, ఎవడికి ఏం అర్థమయిందో మళ్లీ మొదటినుంచి మాట్లాడుకోవాలి. పక్కన ఆఫీసరు ఉంటే ఆయనా ముట్టుకుని చెప్పాల్సిందే. ఒకసారి ఒక ట్రాన్స్‌ఫార్మరు మీద చెయ్యి పెట్టి నేనూ చెప్పాను, మసి వారం దాకా వదల్లేదు.

ఇది ఆటకి వచ్చిన ఆచారం కాదు. జగ్గారావు కుర్రతనంలో ఒరిస్సా వైపు ఒక వంతెన పనిలో ఉండగా, గర్డరుకి ఒక కొసన పట్టినవాళ్లు అది ఎడమ దిమ్మె మీద ముందు దిగుతుందనుకున్నారు, రెండో కొసనవాళ్లు కుడి దిమ్మె అనుకున్నారు. అందరూ మంచి పనివాళ్లే. అందరూ బలమంతా పెట్టారు. మధ్యలో జగ్గారావు అన్న వరహాలు కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. "ఎవుడూ తప్పు సెయ్యనేదు బాబూ. అందరూ ఆళ్లాళ్ల పని బాగానే సేసినారు. అదే నాకు మండతాది," అనేవాడు. వరహాలు ఎడమచేత్తో అన్నం తింటుంటే ఊళ్లో పిల్లలు నవ్వేవారట. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా జగ్గారావు ఎవరో ఒకరిని తిట్టేవాడు. దగ్గర్లో ఎవరూ లేకపోతే వించీని తిట్టేవాడు.

నది అవతల ఒక కార్ఖానా ఉండేది. పేరు చెప్పను, చెప్తే ఓనరు మనవలు నా మీద పడతారు. చిన్నాచితకా ఇనుప సామాను చేసి బతుకుతున్న ఆ కార్ఖానాకి ఎనభై రెండులో ఒక పెద్ద ఆశ పుట్టింది. రైలు వాగన్లని ఒకదానికొకటి తగిలించే కొక్కేలు చేసి రైల్వేకి అమ్మాలని. దానికి కాల్చిన ఇనుమును ఒక్క దెబ్బతో అచ్చులో మలిచే పెద్ద ప్రెస్సు కావాలి. కలకత్తాలో పాతది ఒకటి కొన్నారు. దాని ఫ్రేమొక్కటే ఇరవై రెండు టన్నులు, పదకొండు అడుగుల వెడల్పు, ఒకే పోత, విప్పడానికి లేదు. రైల్వేవాళ్లు చెప్పింది ఒక్కటే. జూన్ పదిన మా ఇన్‌స్పెక్టరు వస్తాడు, అతని కళ్లముందు ఆ ప్రెస్సు కింద ఒక కొక్కెం కొట్టి చూపించండి, నచ్చితే మూడేళ్ల ఆర్డరు. లేకపోతే ఇంకొకరికి ఇస్తాం.

వర్క్స్ మేనేజరు లాహిరి మంచివాడే, మెత్తటి బెంగాలీ. ఏప్రిల్లో ఒకరోజు ఖలాసీలందరినీ పిలిచి, "ఆర్డరు వచ్చిందా, మీ పద్నాలుగు పేర్లూ పర్మనెంటు రోలులోకి ఎక్కిస్తాను" అన్నాడు. పదకొండేళ్లుగా వాళ్లు నెలనెలా గేటు దగ్గర చేతులు కట్టుకుని ఎర్రపాసు కొత్తది చేయించుకునే మనుషులు. రోలులోకి ఎక్కితే ఫొటో అంటించిన కార్డు వస్తుంది, ఇంటిల్లిపాదికీ ఆసుపత్రి వస్తుంది, గేటు దగ్గర గూర్ఖా సలాం కొట్టకపోయినా కనీసం తొయ్యడు. ధనమ్మకి ప్రతి చలికాలం ఉబ్బసం. కాసిడీహ్‌లో నాటు డాక్టరు ఇచ్చే నల్లటి మందు తాగి తాగి ఆమె నాలుక కూడా నల్లబడింది. కాబట్టి ఆ కార్డంటే ఆ ఇంట్లో ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ పూటే నేను జాబితా రాశాను. పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు. కాన్వెంటులో సిస్టర్లు వేళ్లమీద స్కేలుతో కొట్టి నేర్పిన ముత్యాల్లాంటి రాత నాది, దానివల్లే నాకా కార్ఖానాలో ప్లానింగు గుమాస్తా ఉద్యోగం. వయసు దగ్గరికి వచ్చేసరికి జగ్గారావు తల గోక్కున్నాడు.

"మా ఊల్లో తాటిసెట్లన్నీ పడిపోనాయి సూడండి, ఆ గాలివాన ఏడు పుట్టినాను."

నేను ఊరుకున్నానా? కార్ఖానాలో ఒక సోంపేట ముసలాయన్ని అడిగి, ఆ గాలివాన ఏ ఏడాదో ఆరా తీసి, వేళ్ల మీద లెక్కేసి, నలభై ఆరు అని రాశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇక ఆ పిన్నుల సంగతి. ప్రెస్సు పని మొత్తాన్నీ పదకొండు ముక్కలు చేశారు. పునాది ఒకరిది, షెడ్డు గోడ ఒకరిది, కరెంటు తీగ ఒకరిది, సామాను తెప్పించడం ఒకరిది, ఇలాగ. ఒక్కో ముక్కకి ఒక్కో ఆఫీసరు, ఒక్కో తారీఖు. నా గదిలో గోడంత చార్టు గీశాను. తారీఖు లోపల పని అయితే పచ్చ పిన్ను, కాకపోతే ఎర్ర పిన్ను. సోమవారం సోమవారం ఆ చార్టు ముందు మీటింగు, ఎవరి పిన్ను ఏమిటో కలకత్తా హెడ్డాఫీసుకి టెలిగ్రాము. వరసగా నాలుగు పచ్చలు వచ్చిన ఆఫీసరుకి మెచ్చుకోలు ఉత్తరం. ఖలాసీలు నన్ను 'పిన్నుల బాబు' అనేవారు. ఎంత గొప్ప చార్టంటే, దాని మీద అన్నీ ఉన్నాయి, కొక్కెం ఒక్కటే లేదు. రైల్వే ముందు ఒక కొక్కెం కొట్టాలన్న మాట పదకొండు గీతల్లో ఎవరి గీతలోనూ లేదు. గీసింది నేనే కాబట్టి ఇది ఇంకొకరి మీద పెట్టలేను.

మే పదిన రావలసిన ప్రెస్సు ఇరవై నాలుగున వచ్చింది. లోపల పునాది బోల్టుల చుట్టూ పోసిన సిమెంటు ఇంకా గట్టిపడలేదు, నాలుగు రోజులు పడుతుందన్నారు. ట్రైలరు డ్రైవరు మధ్యాహ్నానికి వెనక్కి బయల్దేరాలని గోల. సివిల్ ఇంజనీరు ఝా గొడుగు నీడలో నిలబడి, "పన్నెండు లోపల దించితే జట్టుకి రెండు కుండల రసగుల్లాలు" అన్నాడు. ఆ జట్టు పనితనం మీద పందెం కడితే జట్టు ఆగుతుందా! వించీ పట్టే సూర్యం చొక్కా విప్పేశాడు. దుంగలు పేర్చారు, జాకీలు ఎక్కించారు, రోలర్ల మీదికి జార్చారు. స్టోర్సువాడు సుద్దముక్కతో గీసిన గుర్తు మీద, షెడ్డు తూర్పు వైపు యార్డులో, పదకొండున్నరకల్లా పెట్టేశారు. రసగుల్లాల కుండలు పైకెత్తి తాగారు.

ఆ పూట ఎవరూ ప్రెస్సు మీద చెయ్యి పెట్టలేదు. జగ్గారావు అడగాల్సింది అడగలేదు.

మర్నాడు జట్టుని కార్ఖానా ఇంకో కొసకి, గొట్టాల పనికి పంపారు. శనివారం మధ్యాహ్నం ఆ పని ముగించి, ప్రెస్సుని లోపలికి తోయడానికి రోలర్లు మోసుకుంటూ యార్డుకి వచ్చారు. ముందు నడుస్తున్న జగ్గారావు ఆగిపోయాడు. వెనకవాళ్లు అతని వీపుకి గుద్దుకున్నారు.

షెడ్డు తూర్పు వైపు బార్లా తెరిచి ఉండాలి. ఆ చోట గోడ ఉంది. ముప్ఫై అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల ఎత్తు, కొత్త సిమెంటు వాసన. పైన ఒక మేస్త్రీ తాపీగా నీళ్లు చల్లుతున్నాడు. షెడ్డుకి మిగిలిన దారల్లా పడమటి తలుపు, ఎనిమిది అడుగులు. ప్రెస్సు పదకొండు.

"ఎవుల్రా కట్టినారు దీన్ని?" అని జగ్గారావు అరిచిన అరుపుకి మేస్త్రీ చేతిలో మగ్గు గోడకి అవతల పడింది. ఇది కట్టుకథ కాదు, ఆ మగ్గు నేనే తెచ్చిచ్చాను.

ఆదివారం పొద్దున బర్మామైన్స్‌లో అతనింటికి వెళ్లాను. ఓదార్చడానికి అని చెప్పుకుంటాను గాని, అసలు వాకిట్లో ఏం జరుగుతోందో చూద్దామనే. జట్టు సగం అక్కడే ఉంది. ధనమ్మ చేపలు తోముతోంది.

"మనకేటి మావా?" అంటున్నాడు సూర్యం. "గోడ ఆళ్లది, పెస్సు ఆళ్లది. బయటుంటే బయటుంటాది. సోంవారం ఇంకో పని సెప్తారు, సేత్తాం."

"మనకేటా? పదో తారీకుకి కొక్కెం పడకపోతే ఆర్డరు నేదు. ఆర్డరు నేకపోతే నీ పేరూ నేదు, నా పేరూ నేదు. అది తెలదేట్రా నీకు, గాడిద కొడకా!"

ధనమ్మ తల ఎత్తకుండానే అంది, "ఊరికే ఆడి మీద అరత్తావేటి? దించినప్పుడు నువ్వు అడిగినావా? పీపా ఎత్తితే అడుగుతావు, బల్ల ఎత్తితే అడుగుతావు. నాను బియ్యం బస్తా ఎత్తమంటే కూడా ఎక్కడ కూకుంటాదే అని అడిగినావు. ఇరవై రెండు టన్నులు ఎత్తి రసగుల్లాలు తాగేసి వచ్చినావు."

జగ్గారావు అడిగుంటే ఏం జరిగేదో అందరికీ తెలుసు. పద్నాలుగు మందీ 'లోపల, పునాది మీద' అనేవారు. స్టోర్సువాడు 'ఇక్కడే' అనేవాడు. రెండు మాటలు తేడా వచ్చేవి. ఆ తేడా గోడ కట్టించే ఝా దాకా వెళ్లేది. గోడ ఆగేది. గోడ మీదున్న కోపమంతా ఇప్పుడు అతని మీదికే తిరిగింది. లేచి, పక్కనున్న రాతిని కాలితో తన్నాడు. వేలు చిట్లింది.

"అడగనేదు," అన్నాడు. "రేపు అడుగుతాను."

మే ముప్ఫై ఒకటి, సోమవారం. పొద్దున పదింటికి మీటింగు. నా చార్టు మీద పదకొండు పచ్చ పిన్నులు. అంత పచ్చగా ఆ చార్టు ఎప్పుడూ లేదు. ప్రెస్సు యార్డులో దిగింది కాబట్టి స్టోర్సుకి పచ్చ. మోటారు సిద్ధంగా ఉంది కాబట్టి కరెంటువాళ్లకి పచ్చ. గోడ రెండు రోజుల ముందే అయింది కాబట్టి ఝాకి పచ్చ. లాహిరి కళ్లజోడు తుడుచుకుంటూ ఆ పచ్చదనాన్ని చూస్తున్నాడు. సిమెంటు అంటిన కాళ్లతో, వేలికి కట్టిన గుడ్డతో, జగ్గారావు లోపలికి వచ్చేశాడు. వెనక ప్యూను అతని చొక్కా పట్టుకుని వేలాడుతున్నాడు.

అతని హిందీ మర్యాదగా మొదలవుతుంది, కోపం ముదిరేకొద్దీ తెలుగులోకి దిగిపోతుంది. అప్పుడు నేను తర్జుమా చెయ్యాలి.

"ఝా సాబ్, ఆ గోడ ఎవరు కట్టించారు?"

"నేనే. ముప్ఫై ఒకటికల్లా అని చార్టులో ఉంది. ఇరవై తొమ్మిదికే కట్టించాను," అన్నాడు ఝా, మెడ నిక్కించి.

"ప్రెస్సు బయటుంది సాబ్."

"ప్రెస్సు నా గీతలో లేదు. ఆలస్యంగా తెచ్చింది స్టోర్సు. నేను నా పని ఆపుకుని కూర్చుంటే ఎర్ర పిన్ను ఎవరికి?"

అక్కడితో హిందీ అయిపోయింది.

"ఇన్నారా బాబూ! పందిరేసినాడు, బాజాలెట్టినాడు, పెళ్లికొడుకుని ఈదిలో వదిలేసి తలుపేసేసినాడు. అదేటయ్యా అంటే పెళ్లికొడుకు నా సార్టులో నేడంతాడు! ఉన్నదున్నట్టు సెప్పండి, ఒక్క ముక్క మింగితే నాకు తెలిసిపోద్ది."

ఉన్నదున్నట్టే చెప్పాను. పందిరికి పచ్చరంగు కూడా వేశాడని నా తరపున ఒక ముక్క కలిపాను. స్టోర్సు ఆఫీసరు నవ్వబోయి దగ్గాడు.

గోడ పగలగొట్టాలంటే రెండు రోజులని జగ్గారావు చెప్పాడు. పూర్తయిన పనిని పడగొట్టాలంటే కలకత్తా అనుమతి కావాలి, ఉత్తరం వెళ్లి వచ్చేసరికి పది రోజులని ఝా చెప్పాడు. పైకప్పు రేకులు విప్పి పెద్ద క్రేనుతో పైనుంచి దింపవచ్చని ఎవరో అన్నారు. అంత క్రేను దొరకడానికి మూడు వారాలని ఇంకెవరో అన్నారు. లాహిరి కళ్లజోడు తుడుస్తూనే ఉన్నాడు. ఆయన కింద పదకొండు పచ్చలున్నాయి, వాటిలో ఒకదాన్ని ఎర్ర చెయ్యమని ఎవరు మాత్రం చెప్తారు?

జగ్గారావు చార్టు దగ్గరికి వెళ్లాడు. మొదటి పచ్చ పిన్ను పీకి నా అరచేతిలో పెట్టాడు. "ఇది పెస్సుని లోపలెడతాదా?" రెండోది పీకాడు. "ఇది?" మూడోది. "ఇది?" పదకొండూ పీకాడు. ఎవరూ కుర్చీలోంచి కదల్లేదు. నా అరచేతికి గుచ్చుకుంటున్నాయి.

"ఇప్పుడు అందరూ బయటికి రండి," అన్నాడు. "ముట్టుకుని సెప్పండి."

ఎందుకు వెళ్లారో నాకు ఇప్పటికీ తెలియదు. లాహిరి లేచాడు కాబట్టి మిగతావాళ్లూ లేచారు. మే నెలాఖరు ఎండ, యార్డులో ఇనుము అట్లపెనంలా ఉంది. పదమూడు మంది ఖలాసీలు అప్పటికే ప్రెస్సు చుట్టూ చేతులు పెట్టి నిలబడి ఉన్నారు. ఆఫీసర్లూ ఒక్కొక్కరూ చెయ్యి పెట్టి, చురుక్కుమని తీసి, జేబురుమాళ్లు అడ్డం పెట్టుకుని మళ్లీ పెట్టారు.

"ఇది ఎక్కడ కూకుంటాది?"

నేను తర్జుమా చేశాను. స్టోర్సు ఆఫీసరు, "ఇక్కడే. యార్డులో దిగింది, సంతకం కూడా అయింది" అన్నాడు. కరెంటాయన, "ఎక్కడ ఉంటే అక్కడికి తీగ లాగుతాం" అన్నాడు. ఝా గోడకేసి చూస్తున్నాడు. ఖలాసీలు పదమూడు మందీ ఒకరి తరవాత ఒకరు "లోపల, పునాది మీద" అన్నారు. లాహిరి వంతు వచ్చింది. ఆయన రుమాలు అడ్డం పెట్టుకోలేదు. చెయ్యి ఎర్రగా కందిపోతోంది.

"లోపల," అన్నాడు. "పదో తారీఖున. రైల్వేవాళ్ల ముందు."

"మా పద్నాలుగు మందిదీ ఇదే మాట. తవరు పదిహేనోవోరు," అన్నాడు జగ్గారావు. "మరి ఈ మిగిలినోళ్లకి ఎప్పుడు సెప్తారు దొరా? కార్ఖానాకి ఏటి కావాలో తవరికి తెలుసు. పెస్సు మోసీవోడికి తెలుసు. మద్దిలో ఈ పిన్నులోళ్లకి తెలదు. ఎవుడి గీత ఆడు బాగా గీసుకున్నాడు. మా అన్న సెయ్యి కూడా ఇలాగే పోయినాది." గొంతు తగ్గించి అన్నాడు, "దించిన దినం నాను అడగనేదు. ఆ తప్పు నాదే. దానికి నా జట్టు కూలి నేకుండా గోడ పగలగొడతాది. కాయితం మాత్రం తవరు రాయండి."

లాహిరి కలకత్తాని అడగకుండానే, గోడ పగలగొట్టమని అక్కడే కాగితం రాసి, ప్రెస్సు మీద పెట్టి సంతకం చేశాడు. నా కలమే. ఆ మధ్యాహ్నం నేను చార్టు చింపేసి కొత్తది గీశాను. అన్నిటికన్నా పైన ఒకే గీత, 'జూన్ పది, కొక్కెం'. మిగతావన్నీ దాని కింద, ఏది అయితే గాని ఏది మొదలవ్వకూడదో బాణాలతో. పచ్చ పిన్ను ఒక్కటే ఉంచాను. అది కొక్కెం పడ్డాకే.

గోడ పగలగొట్టిన రెండు రోజులూ జగ్గారావు గునపం దించలేదు. ప్రతి దెబ్బకీ ఒక తిట్టు. ఝాని, స్టోర్సుని, కలకత్తాని, నన్ను, రసగుల్లాలు కనిపెట్టినవాణ్ణి, చివరికి తనని. నాలుగు రోజుల్లో ప్రెస్సు లోపల లేచి నిలబడింది. పదో తారీఖున రైల్వే ఇన్‌స్పెక్టరు ముందు ఎర్రటి ఇనుప ముద్ద దాని కింద పెట్టారు. ఒక్క దెబ్బ. కొక్కెం. ఆయన దాన్ని చల్లార్చి, కొలిచి, గోనెసంచిలో చుట్టి వెంట తీసుకుపోయాడు. జూన్ చివర్లో ఆర్డరు వచ్చింది. గోడ మళ్లీ కట్టినందుకు ఝాకి మెచ్చుకోలు ఉత్తరం కూడా వచ్చింది. ఒకే గోడ రెండుసార్లు, రెండుసార్లూ తారీఖు లోపలే.

పేర్లు మాత్రం రాలేదు. జూలై సగమయింది. ప్రెస్సు బిగించే పని ముగిసింది కాబట్టి ఖలాసీలతో ఇక అవసరం లేదని కలకత్తా రాసింది. ఇచ్చిన మాట ఎవరి గీతలోనూ లేదు. నా కొత్త చార్టులో కూడా లేదు, ఆ గీత గియ్యాలని నాకు తోచలేదు.

మొదటి సరుకు పంపే ముందు ప్రెస్సులో అచ్చు మార్చాల్సి వచ్చింది. మూడు టన్నుల అచ్చు, ఖలాసీలు తప్ప ఎవరూ కదపలేరు. జట్టు వచ్చింది. పద్నాలుగు చేతులు అచ్చు మీద పడ్డాయి. లాహిరి ఎదురుగా ఉన్నాడు.

"ఇది ఎక్కడ కూకుంటాదో మాకు తెలుసు," అన్నాడు జగ్గారావు. "మేం ఎక్కడ కూకుంటామో తవరు సెప్పండి." చేతులు తీసి, అందరూ నేల మీద కూర్చున్నారు.

మూడు రోజులు కూర్చున్నారు. లాహిరి నేను ఏప్రిల్లో రాసిన జాబితా పట్టుకుని స్వయంగా కలకత్తా వెళ్లాడు. నాలుగో రోజు టైపు చేసిన కాగితం తెచ్చాడు. నేను పైకి చదివాను. సూర్యం, ఆదిబాబు, పోలరాజు... పదమూడు పేర్లు.

"పద్నాలుగోది?" అన్నాడు జగ్గారావు.

నలభై ఐదు దాటినవాళ్లని కొత్తగా రోలులోకి తీసుకోకూడదని రూలు. చెప్పాను.

"నా వయసు ఆళ్లకెవులు సెప్పినారు?"

"నేనే రాశాను జగ్గారావ్."

ఆ రోజు నదిలో నీళ్లు దిగలేదు, టీ మరగలేదు. జగ్గారావు గొంతు పెంచకుండా అన్నాడు.

"ఊరందరికీ అబద్దాలు సెప్తారు గదా బాబూ మీరు. నా సేతిలో టీ మరిగినాదని సెప్పినారు. నదిలో నీల్లింకిపోనాయని సెప్పినారు. నాను పుట్టిన దినం నాకే తెలదు. ఒక్క ఏడు తగ్గించి రాయనేకపోనారా?"

సూర్యం లేచి, "మావ నేకుండా మేవూ ఎల్లం" అన్నాడు. జగ్గారావు అతని చెంప మీద ఒక్కటిచ్చాడు. "నోర్ముయ్! ముట్టుకోండ్రా అచ్చుని. ఎక్కడ కూకుంటారు మీరు?"

మళ్లీ అరిచాడు. అప్పుడు ఒక్కొక్కరూ, ఏడుస్తూ, "లోపల" అన్నారు. పదమూడు మందీ అదే మాట అనే దాకా వదల్లేదు. అచ్చు దాని చోట కూర్చునే దాకా ఉండి, ఎర్రపాసు ప్రెస్సు మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ గేటు మళ్లీ తొక్కలేదు. బర్మామైన్స్‌లో ఎప్పుడైనా ఎదురుపడితే ధనమ్మ పలకరించేది, చలికాలాల్లో దగ్గుతూనే. అతను పలకరించేవాడు కాదు. అతన్ని తప్పు పట్టను.

తరవాత కార్ఖానాలో మనుషుల జాబితాలన్నీ నేనే రాశాను, అవే ముత్యాల్లాంటి అక్షరాలతో. గాలివాన ఏడు పుట్టినవాళ్లు, కరువు ఏడు పుట్టినవాళ్లు, ఏ ఏడు పుట్టారో తెలియనివాళ్లు ఎందరో నా బల్ల ముందు తల గోక్కుంటూ నిలబడ్డారు. నేను రిటైరయ్యే రోజుకి ఆ రిజిస్టర్లలో వాళ్లలో ఒక్కడి వయసూ నలభై నాలుగు దాటలేదు.